మూగపడవ ఎక్కనన్న అత్తగారు

ఆసుపత్రి సంచీ మళ్ళీ వాకిట్లోకి వచ్చి పడింది. ఈసారి జిప్పు ఊడి తువ్వాలు, పల్చటి దుప్పటి, మాత్రల డబ్బా వాన నీళ్ళలో దొర్లాయి.

"ఏరుకోవే, ఏరుకో! నువ్వెన్నిసార్లు సర్దితే నేనన్నిసార్లు విసురుతాను," అని లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "నాకివాళ ప్రయాణం లేదు."

నాన్‌హీ గొడుగు పక్కన పెట్టి, వంగి ఒక్కొక్కటే ఏరింది. డెబ్బై దాటిన మనిషి, కిడ్నీలు రెండూ పాడైపోయిన మనిషి, ఇంత దూరం ఎలా విసిరిందా అని ఆ కోపంలోనూ ఆశ్చర్యం వేసింది.

"అత్తయ్యా, మొన్న మానేశారు. ఇవాళ కూడా మానేస్తే ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు దిగుతాయని మొక్పో ఆసుపత్రి నర్సమ్మ చెప్పింది. స్పీకర్లో పెట్టాను, మీరూ విన్నారు."

"నేను పుట్టిందే నీళ్ళ మధ్య. దిగితే దిగనీ."

"మాటలకేం, బాగానే వస్తాయి. పడుకుంటే ఊపిరాడక గోడకి ఆనుకుని కూర్చుంటున్నారట కదా. అక్క చెప్పింది."

గది తలుపు విసురుగా మూసుకుంది.

రెండేళ్ళుగా రోజు విడిచి రోజు అత్తగారు సముద్రం దాటి మొక్పో వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వస్తోంది. ఇంజను చప్పుడు లేని ఆ కరెంటు పడవని ఊళ్ళో మూగపడవ అంటారు. దాన్ని నడిపేది చిన్నకొడుకు టేగిల్. జెట్టీ దగ్గర ఆ పడవకి కరెంటు ఎక్కించేది చిన్నకోడలు నాన్‌హీ. కొడుకు పడవ, కోడలి కరెంటు, మధ్యలో రాణీగారి సవారీ అని సొల్గే దీవి ఆడవాళ్ళు ఎకసెక్కాలాడితే ఆమె లోలోపల మురిసిపోయేది. పెద్దకొడుకు షెడ్డులో పెంచుతున్న గుల్లలు చచ్చిపోయిన రోజు నుంచీ పడవెక్కడానికి పేచీలు పెడుతూ, మొన్నటి నుంచి అసలు దాని మొహమే చూడనని భీష్మించుకుని కూర్చుంది.

వంటింట్లో గిన్నె దబ్బున పడింది. పెద్దకోడలు ఓక్‌జా గుమ్మంలోకి వచ్చి నిలబడింది. వారం రోజులుగా ఆమె మొహం కడుక్కుంటోందే గాని తల దువ్వుకోవడం లేదు.

"ఎందుకే అంత బతిమాలుతావు? నీ మూగపడవకి జనం చాలట్లేదా?"

"అక్కా, నువ్వైనా చెప్పు."

"నేనేం చెప్పను? చెప్పడానికి నా దగ్గర ఏం మిగిల్చావు?"

అరుగు చివర బావగారు పాన్‌సొక్ చేతులు మోకాళ్ళ మీద వేసుకుని కూర్చున్నాడు. ఆయన ఊరిపెద్ద. రోజూ పొద్దున్నే మైకు పట్టుకుని, గట్టిగా దగ్గి, "సొల్గే ప్రజలారా" అని మొదలుపెట్టి, అల ఎంత ఎత్తుందో, ఎవరి మేక తప్పిపోయిందో చెప్పకపోతే ఆయనకి అన్నం దిగేది కాదు. వారం నుంచి మైకు పలకలేదు. ఆ దగ్గు లేకపోతే తెల్లారినట్టే లేదని ఊళ్ళో అనుకుంటున్నారు గాని, వచ్చి అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

నాన్‌హీ సెల్లు మోగింది. టేగిల్.

"అమ్మ బయలుదేరిందా?"

"లేదు."

"బ్యాటరీ నిల్వ ఎరుపు గీత కింద ఉంది. వారం నుంచి ఎండ లేదు, ఇవాళ గాలి కూడా లేదు. షెడ్డు లైను తీస్తే గాని పడవ నిండదు. తీస్తున్నావా లేదా?"

"తియ్యను. గుల్లలు బతికి ఉన్నది ఒక్క తొట్టి. అదీ చంపమంటావా?"

"మరి అమ్మ?"

"నువ్వొచ్చి అడుగు. నీ తల్లే కదా."

"నేనొస్తే ఏడుస్తుంది. అమ్మ ఏడిస్తే నేను చూడలేను. నువ్వే ఏదో ఒకటి చెయ్యి," అని పెట్టేశాడు.

తాటిచెట్టంత అలకి జంకని మగవాడు ఇంట్లో ఆడదాని కన్నీటికి ఆమడ దూరం పరిగెత్తుతాడు. ఆ పరుగులో టేగిల్‌ని మించినవాడు దీవిలో లేడు.

అసలు చిక్కంతా ఆ నిల్వ దగ్గరే ఉంది. మొక్పో ఉన్న పెద్ద గట్టు నుంచి దీవికి వచ్చే తీగ సన్నది, దీపాలకీ అన్నం కుక్కర్లకీ చాలుతుంది. పడవకీ షెడ్డుకీ కావలసిన కరెంటు పాత ఉప్పుమళ్ళలో పరిచిన సోలార్ పలకలూ, కొండ మీది గాలిమరలూ ఇవ్వాలి, జెట్టీ పక్క బ్యాటరీ గదిలో నిల్వ పడాలి. నిల్వ అడుగంటితే రెండింటికీ ఒకేసారి చాలదు. "ఎరుపు గీత కిందికి దిగితే పడవే ముందు" అని ఊరి సభలో బల్ల గుద్ది ఒప్పించింది పాన్‌సొక్కే. "పడవ మనందరి కాళ్ళు. షెడ్డు నా ఒక్కడిది. నాదే ఆగుతుంది," అన్నాడు. చప్పట్లు మోగాయి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఓక్‌జా ఆ రోజే గొణిగింది.

పోయిన వారం ఆ మాట ప్రకారమే నాన్‌హీ షెడ్డు లైను తీసింది. పడవ నిండేసరికి నిల్వ మొత్తం ఖాళీ అయింది. సాయంత్రం గాలి లేచేదాకా షెడ్డుకి కరెంటు రాలేదు. తొట్లలో గాలిబుడగలు ఆగిపోయి, కొడుకు చదువు కోసం, ఇంటి అప్పు కోసం పెంచుకున్న, మంచి ధర పలికే సముద్రపు చెవిగుల్లల పిల్లలన్నీ పలకల నుంచి ఊడి అడుగున పడి చచ్చాయి. మిగిలింది తల్లిగుల్లల తొట్టి ఒక్కటే. మళ్ళీ గుడ్లు పెట్టించి మళ్ళీ మొదలుపెట్టాలంటే ఆ తొట్టి బతకాలి.

"ఫోన్లో బావగారిని అడిగాను అక్కా," అంది నాన్‌హీ. వారంలో ఎన్నోసారో ఆ మాట అనడం. "లైను తీస్తున్నాను, ఫరవాలేదా అని అడిగాను. ఫరవాలేదు, నీ పని నువ్వు చూసుకో అన్నారు. జనరేటరు ఉంది కదా అనుకున్నాను."

ఓక్‌జా నవ్వింది. ఆ నవ్వు వినలేక నాన్‌హీ తల దించుకుంది.

"జనరేటరు! షెడ్డు వెనక టార్పాలిన్ కప్పి, తాడు బిగించి ఉండేదే, అదేగా? నేనూ అదే నమ్మాను. ఆ రోజు పరిగెత్తుకెళ్ళి లాగి చూస్తే ఏముందో తెలుసా? మేత బుట్టలు! ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన టార్పాలిన్. నేను కంగారు పడతానని కప్పి పెట్టాడంట, నా మొగుడు!"

"జనరేటర్లు పంపించెయ్యమని ఊరందరికీ చెప్పి నేను దాచుకోనా?" అన్నాడు పాన్‌సొక్ తల ఎత్తకుండానే.

"అందరూ దాచుకున్నారు!"

"అందరి సంగతి నాకెందుకు?"

"అవునవును. నీకు కావలసింది పంది తల పక్కన ఫోటో."

చమురు లేని దీవి అని ప్రకటించిన పండగ అది. జెట్టీ మీద ఉడికించిన పంది తలని బల్ల మీద పెట్టి, దాని నోట్లో నోట్లు కుక్కి, సముద్రానికి మొక్కి, కల్లు చల్లి, ఊళ్ళోని డీజిల్ జనరేటర్లన్నింటినీ బార్జి ఎక్కించి సాగనంపారు. దీవివాళ్ళు అమాయకులేం కాదు. తుప్పు పట్టినవీ, పని చెయ్యనివీ బార్జి ఎక్కాయి. మంచివి కొట్టాల్లో గడ్డి కింద దాక్కున్నాయి. ఒక్క ఊరిపెద్ద మాత్రం తన కొత్త జనరేటరునే ఎక్కించాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే మిగతావాళ్ళ దొంగతనం తనకి తెలుసని చెప్పినట్టవుతుంది.

"ఊళ్ళో ఎవరినైనా అడగండి బావగారూ," అంది నాన్‌హీ. "ఇవాళ ఒక్క పూటకి."

"ఏమని అడగనమ్మా? లేనిదాన్ని అడగనా?"

"నిన్న నేను వలల కొట్టు చాంగ్‌సిక్ మామయ్య ఇంటికెళ్ళి అడిగాను. జనరేటరా, అదెలా ఉంటుంది, మీ బావగారే కదా సాగనంపారు అన్నాడు. వెనక కొట్టంలో గుడగుడమని చప్పుడు వినిపిస్తోంది. మరి ఆ చప్పుడేంటి మామయ్యా అంటే, మా ముసల్ది గురక పెడుతోంది అన్నాడు."

"ఆ రోజూ అంతే," అంది ఓక్‌జా. "వీధంతా తిరిగి గుండెలు బాదుకున్నాను. ఒక్క తలుపు తెరుచుకోలేదు. తెస్తే దాచుకున్నట్టు బయటపడిపోతుందని లోపల గడియలేసుకుని కూర్చున్నారు. ఈ మహానుభావుడి పరువుకి అంత విలువిచ్చారు మరి!"

"వాళ్ళని అనకు," అన్నాడు పాన్‌సొక్. "ఫోనొచ్చినప్పుడు నేను కొండ మీద ఉన్నాను. పైనుంచి వచ్చిన అధికార్లకి గాలిమరలు చూపిస్తున్నాను. వాళ్ళ ముందు నా షెడ్డుకి కరెంటు తియ్యొద్దని ఎలా అంటాను? కాసేపే కదా అనుకున్నాను."

తిలాపాపం తలా పిడికెడు. కాని అందరి పిడికిళ్ళూ ఒకలాంటివి కావు. నాన్‌హీ పిడికిట్లో ఉన్నదేమిటో ఇంతవరకూ ఆమెకి తప్ప ఇంకెవరికీ తెలియదు.

ఓక్‌జాకి మాత్రం అనుమానం ఉంది. మెట్టు దిగి దగ్గరికి వచ్చింది.

"ఒక్క సంగతి చెప్పవే. ఆ రోజు పడవలో వెళ్ళినవాళ్ళు నలుగురో అయిదుగురో. సాయంత్రం గాలి వస్తుందని బ్యాటరీ గదిలో నీ తెర మీద పొద్దున్నే రాసుంది. ఆ మాట టేగిల్ చెప్పాడు. ప్రయాణం సాయంత్రానికి మార్చి ఉంటే పడవా కదిలేది, నా పిల్లగుల్లలూ బతికేవి. ఎందుకు మార్చలేదు?"

"రూలు అక్కా. ఎరుపు గీత కిందికి దిగితే పడవే ముందు."

"రూలా?"

"రూలే."

నాన్‌హీ ఆడింది అబద్ధం. ఆ ఉదయం ఆమె ప్రయాణం మార్చాలనే అనుకుంది. ప్రయాణ వేళ రాసే బోర్డు కూడా చేతిలోకి తీసుకుంది. అంతలో జెట్టీ బల్ల మీద అత్తగారు కనబడింది. అంతకు ముందు రోజు పొగమంచుకి పడవ కదలక డయాలసిస్ తప్పిపోయింది. కళ్ళు మూతలు పడేంతగా మొహం ఉబ్బి ఉంది. పెదాలు నల్లబడ్డాయి. నాన్‌హీ బోర్డు కింద పెట్టి వెళ్ళి షెడ్డు లైను మీట దించేసింది. పడవ ముందా షెడ్డు ముందా అని ఆలోచించనే లేదు. అత్తగారు చచ్చిపోతుందనే భయం ఒక్కటే ఉంది.

అది చెబితే ఓక్‌జా అత్తగారి మొహాన ఉమ్మేస్తుంది. అత్తగారు ఇంకెప్పటికీ పడవెక్కదు. అందుకే వారం నుంచి రూలు, రూలు, రూలు.

ఓక్‌జా ఆమె మొహంలోకి చూస్తూ నిలబడింది. పాన్‌సొక్ తల ఎత్తాడు. చూరు నుంచి నీళ్ళు ధార కట్టి వాకిట్లో గుంట చేస్తున్నాయి.

గది తలుపు జరిగింది.

అత్తగారు బయటికి వచ్చింది. జుట్టు దువ్వుకుని ముడి వేసుకుంది. ఊరికి వేసుకునే ఊదారంగు చొక్కా తొడుక్కుంది. మెట్టు మీద కూర్చుని రబ్బరు చెప్పుల్లోకి ఉబ్బిన పాదాలు దూర్చడానికి కాసేపు పెనుగులాడింది. నాన్‌హీ సాయం పట్టబోతే చేత్తో తోసేసింది.

"పదండి," అంది.

నాన్‌హీకి ఊపిరి తిరిగి వచ్చింది. సంచీ భుజాన వేసుకుని, గొడుగు పట్టి, పక్కనే నడిచింది. ఓక్‌జా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పాన్‌సొక్ మాత్రం వెనకాలే, వానలో తడుస్తూ, అల్లంత దూరంలో వస్తున్నాడు.

ఎక్కడో లేచిన తుఫాను అలలకి భయపడి చిన్న పడవలన్నీ గట్టుకి కట్టేసి ఉన్నాయి. అడుగు అడుగుకీ అత్తగారు ఆగి ఊపిరి తీసుకుంది. రేవు మలుపు దగ్గర దారి రెండుగా చీలుతుంది. కుడివైపు జెట్టీ. అక్కడ మూగపడవ కరెంటు తీగ తగిలించుకుని ఎదురుచూస్తోంది. అత్తగారు ఎడమవైపు తిరిగింది.

"అత్తయ్యా, ఇటు."

"నాకు దారి తెలుసు."

గుల్లల షెడ్డులోకి వెళ్ళింది. వరసగా ఖాళీ తొట్లు. కడిగి బోర్లించినా కంపు పోలేదు. చివర్న ఒక్క తొట్టిలోనే నీళ్ళు కదులుతున్నాయి, బుడగలు వస్తున్నాయి. పలకలకి అతుక్కుని అరచెయ్యంత తల్లిగుల్లలు. అత్తగారు ఒక తిరగేసిన బుట్ట మీద కూర్చుంది.

"నేనిక్కడే ఉంటాను. పడవ వెళ్ళిపోనీ."

పాన్‌సొక్ గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మా, పడవెక్కు."

"ఎక్కను. నేనెక్కాలంటే వీటికి కరెంటు తియ్యాలి."

"తియ్యనీ. చస్తే చావనీ."

"నీ నోటితో అనకురా. వీటిని చూసుకునేగా మళ్ళీ మొదలుపెడతానన్నావు. నువ్వు మొదలుపెట్టాలి. నేను డెబ్బై దాటి ముగింపుకొచ్చినదాన్ని. ఒక ముసల్దానికి రక్తం కడగడానికి నీ షెడ్డు ఎన్నిసార్లు తగలెయ్యాలి?"

"నిన్ను చంపుకుని షెడ్డు ఏం చేసుకోను?"

"ఎవరి తల్లి చావదు? నువ్వు మాత్రం పొయ్యేదాకా బతకాలి కదరా, పిల్లాణ్ణి చదివించాలి."

పాన్‌సొక్ గోడ దగ్గరికి వెళ్ళి పెట్టె మూత తెరిచాడు. ఆయనేం చెయ్యబోతున్నాడో నాన్‌హీకి అర్థమయ్యేలోపే షెడ్డు మీట కిందికి లాగేశాడు.

పంపు చప్పుడు ఆగింది. తొట్టిలో బుడగలు ఒక్కొక్కటే పగిలి, నీళ్ళు నిలిచిపోయాయి. రేకుల మీద వాన ఇంత గట్టిగా పడుతోందని అప్పుడే తెలిసింది.

"అయిపోయింది," అన్నాడు పాన్‌సొక్. "ఇక నీకు సాకు లేదు. నిల్వంతా పడవకి పోతోంది, నువ్వెక్కినా ఎక్కకపోయినా ఇవి చస్తాయి. నువ్వైనా బతుకు. పద."

నాన్‌హీ సెల్లు మోగింది. "నిండుతోంది!" అని టేగిల్ అరుస్తున్నాడు. "లైను నువ్వు తీశావా? అమ్మ వస్తోందా?" నాన్‌హీ సెల్లు ఆపేసింది.

అత్తగారు కొడుకుని చూసింది. ఏడవలేదు. లేచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, గోడకి తగిలించిన ప్లాస్టిక్ గిన్నె అందుకుంది. తొట్టి గట్టు మీద నుంచి కాలు లోపల పెట్టింది. గిన్నె ముంచి, నడుం ఎత్తు దాకా లేపి, నీళ్ళు కిందికి పోసింది. నీళ్ళు విరిగి కాస్త నురగ లేచింది. మళ్ళీ ముంచింది.

"అమ్మా! ఆ చెయ్యి!"

ఎడమ చెయ్యి అది. సూదులు గుచ్చడానికి వీలుగా డాక్టర్లు నరాన్ని నరంతో కలిపి కుట్టిన చెయ్యి. నరం తాడులా ఉబ్బి చర్మం కింద కొట్టుకుంటూ ఉంటుంది. ఆ చేత్తో కూరగాయల సంచీ కూడా మొయ్యకూడదు. అది చెడితే ఇక పడవున్నా లేనట్టే.

"కరెంటు లేకపోతే చేతులు లేవూ?" అంది అత్తగారు రొప్పుతూ. "కరెంటు రాకముందు మేమెలా బతికాం?"

నాన్‌హీ చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. పాన్‌సొక్ నడుం పట్టుకుని లాగబోతే గిన్నెతో భుజం మీద కొట్టింది. నవ్వాల్సిన పనే, ఎవరికీ నవ్వు రాలేదు.

అప్పుడు ఓక్‌జా వచ్చింది. ఇంట్లో ఉండలేకపోయింది కాబోలు, వెనకాలే వచ్చి గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. మొగుణ్ణి ఒక్క మాటా అనలేదు. మూల నుంచి మేత డబ్బా తీసుకుని, చెప్పులు విడిచి, తొట్టిలోకి దిగింది.

"జరగండి అత్తయ్యా. మీరు పోస్తే నీళ్ళు తడుస్తాయే గాని గాలి తగలదు. ఎత్తు నుంచి పొయ్యాలి. ఆ రోజు ఈ ఒక్క తొట్టినీ ఇలాగే బతికించాను."

"సాయంత్రం దాకా పొయ్యాలి."

"పోస్తాను. మీరు కుడిచేత్తో పొయ్యండి, పోస్తే."

పెద్దకోడలూ అత్తగారూ పక్కపక్కన నిలబడి నీళ్ళు ఎత్తిపోశారు. శీతాకాలం ఊరగాయ పెట్టేటప్పుడు తప్ప ఆ ఇద్దరూ ఒక పని కలిసి చెయ్యగా ఎవరూ చూడలేదు. కాసేపటికి ఇద్దరి చేతులూ ఒకే వరసలో లేవడం మొదలుపెట్టాయి.

"పడవ నిండగానే మీరు వెళ్ళండి," అంది ఓక్‌జా, గోడ వైపు చూస్తూ. "ఇవి నేను చూసుకుంటాను. ఇప్పటికే ఇంట్లో చావులు చాలు."

నాన్‌హీ తొట్టి దగ్గరికి వచ్చింది. ఇంత పోగొట్టుకున్న మనిషి అంత మంచి మాట అంటుంటే తను ఇంకా రూలు వెనక దాక్కుని నిలబడింది. ఓర్చుకోలేకపోయింది.

"అక్కా, నేను నీకు అబద్ధం చెప్పాను."

ఓక్‌జా డబ్బా ఆపలేదు.

"ఆ రోజు ప్రయాణం మార్చొచ్చు. మార్చాలనే అనుకున్నాను. అత్తయ్య మొహం చూసి భయమేసింది. సాయంత్రం దాకా ఉండరేమో అనిపించింది. రూలు కోసం కాదు, అత్తయ్య కోసమే లైను తీశాను. తిట్టాలంటే నన్ను తిట్టు. అత్తయ్యకి ఏం తెలియదు."

డబ్బా ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత నీళ్ళు పడ్డాయి. "అనుకున్నాను," అంది ఓక్‌జా మెల్లగా. "నేనైనా అదే చేసేదాన్నేమో. ఏమో." మళ్ళీ ముంచింది.

నాన్‌హీ ఏడ్చేసింది. పోయిన వారం నుంచి బిగబట్టిన ఏడుపు. ఆ ఏడుపులోనే, అంతా సర్దుకుంటుందేమో, ఇవాళ అత్తగారు పడవెక్కుతుందేమో అన్న ఆశ కూడా లేచింది.

"తెలుసు," అంది అత్తగారు.

గిన్నె కిందికి దించింది. తొట్టి గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకుంది.

"చిన్నది నాకేం తెలియదంటోంది. నాకు తెలుసు. షెడ్డు నుంచి సముద్రంలోకి నీళ్ళు పోసే గొట్టం ఉందే, అది ఏనాడూ ఆగదు. ఆ రోజు పడవ జెట్టీ వదిలేటప్పుడు కిటికీలోంచి చూశాను. గొట్టంలోంచి ఒక్క చుక్క పడట్లేదు. ఇరవై ఏళ్ళుగా గుల్లల ఇంట్లో ఉన్నదాన్ని, అది ఆగితే ఏమవుతుందో నాకు తెలియదా? షెడ్డులో ఎవరూ లేరనీ తెలుసు. పెద్దదానా, నువ్వు అధికార్లకి వంట చేస్తున్నావు, వీడు కొండ మీద ఉన్నాడు."

"అమ్మా," అన్నాడు పాన్‌సొక్.

"నోరు తెరిచి టేగిల్‌ని ఒక్క కేక వేస్తే చాలు. పడవ గట్టుకి తిప్పేవాడు. ఎవరో ఒకరు పరిగెత్తేవారు. అన్ని తొట్లూ కాకపోయినా సగం బతికేవి." ఆమె కళ్ళు నీళ్ళ మీదే ఉన్నాయి. "పడవ వెనక్కి తిరిగితే మళ్ళీ ఎప్పుడు బయలుదేరుతుందో అనుకున్నాను. బతకాలనిపించింది నాకు. మొహం అటు తిప్పుకుని కూర్చున్నాను."



ఓక్‌జా డబ్బాని తొట్టి గట్టు మీద పెట్టింది. విసరలేదు, కొట్టలేదు, చాలా నెమ్మదిగా పెట్టింది. తొట్టిలోంచి దిగి, తడి కాళ్ళతోనే చెప్పుల్లేకుండా వానలోకి నడిచి వెళ్ళిపోయింది. నాన్‌హీ "అక్కా" అని పిలిచింది. వెనక్కి చూడలేదు.

జెట్టీ దగ్గర మూగపడవ కూత పెట్టింది. నిండింది.

పాన్‌సొక్ తొట్టిలోకి దిగాడు. భార్య వదిలేసిన డబ్బా తీసుకున్నాడు. తల్లికి వీపు పెట్టి నిలబడి, ముంచి, ఎత్తి, పొయ్యడం మొదలుపెట్టాడు.

"నాన్‌హీ," అన్నాడు. "ఆవిడని తీసుకెళ్ళి పడవెక్కించు. ఆలస్యమవుతోంది."

అత్తగారు కొడుకు వీపునే చూస్తూ నిలబడింది. చేతిలోని గిన్నె జారి నీళ్ళలో తేలుతూ ఆయన కాలికి తగిలింది. ఆయన దాన్ని పక్కకి నెట్టి మళ్ళీ ముంచాడు.

రెండో కూత వినిపించింది. నాన్‌హీ తొట్టి గట్టు మీదుగా చెయ్యి చాచింది. అత్తగారు ఆ చేతిని చూసింది గాని అందుకోలేదు.